వంటింటి గుడ్డలు, పడకింటి బొంతలు

కర్నూలు నుంచి కడపకు రోడ్డు మార్గం సుమారు 200 కిలోమీటర్లు. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరుల మీదుగా సాగే ఈ దారికి కె.సి. కాలువ అక్కడక్కడా తోడు నడుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసిన కాలువ ఇది. కోటల కోసం, గుహల కోసం, పాత మసీదుల కోసం ఈ దారిన ప్రయాణించినవారు ఎందరో ఉన్నారు. మేము మాత్రం ఈసారి ఇళ్లలోని ట్రంకు పెట్టెల కోసం బయలుదేరాము. అమ్మమ్మలూ నానమ్మలూ మడతపెట్టి దాచిన దస్తర్‌ఖాన్లు, రొట్టెలు చుట్టే గుడ్డలు, డేగిసా మూతికి కట్టే గుడ్డలు, చేతి తువ్వాళ్లు నేడు ఏమవుతున్నాయో, వాటిలో ఎన్ని బొంతలుగా మారి మళ్లీ మనుషులకు ఉపయోగపడుతున్నాయో చూడాలన్నది మా ఉద్దేశం.

ఇది ఎండలు మండే నాడు కదా, ఇక్కడ బొంతతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడి ఇళ్ల నేలను చూస్తే ఆ సందేహం తీరుతుంది. కర్నూలు వైపు బేతంచెర్ల బండలు, కడప వైపు నల్లని కడప బండలు ఇళ్ల నిండా పరచి ఉంటాయి. అవి వేసవి మధ్యాహ్నం ఒంటికి హాయినిచ్చినా, చలికాలపు తెల్లవారుజామున ఎముకల్లోకి చలిని దించుతాయి. కాబట్టి ఇక్కడ బొంత కప్పుకొనేదానికన్నా పరచుకొనేదే ఎక్కువ. వేసవి రాత్రుల్లో మిద్దెల మీద పడకలు వేసుకొనే ఇళ్లలో దాని అవసరం మరింత హెచ్చు. ఒక బొంత పసిబిడ్డకు పక్క అవుతుంది, బాలింతకు పరుపు అవుతుంది, ఇంటికి వచ్చిన బంధువుకు గౌరవం అవుతుంది.

బట్టకు ఈ సీమలో కరువు లేదు. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి నేలలు పత్తికి పుట్టినిల్లు వంటివి. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ‘నరసింహ’ పత్తి రకం రాష్ట్రమంతటా రైతులకు తెలిసినదే. ఆదోని పత్తి మార్కెట్టు పేరు వినని వ్యాపారి లేడు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత కార్మికుల సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఆ ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు ఇక్కడి ఇళ్లకు కొత్తవి కావు. కోడుమూరులో మగ్గాలు ఉన్నాయి, కడప జిల్లా మాధవరంలో చీరలు నేసే కుటుంబాలు ఉన్నాయి. ఇలా పొలంలో పండి, మగ్గం మీద నేతబడి, వంటింట్లో పదిహేను, ఇరవై ఏళ్లు సేవచేసిన నూలుగుడ్డను చెత్తబుట్టలో వేయడానికి ఇక్కడి పెద్దవాళ్లకు చేతులు రావు.

కర్నూలు పాతబస్తీలో

తుంగభద్ర, హంద్రీ నదులు కలిసే చోట వెలసిన కర్నూలులో, పాతబస్తీలోని ఒక ఇంటికి మేము మొదట వెళ్లాము. ఆ ఇంటి పెద్దావిడను వీధివారందరూ ఖాలా అనే పిలుస్తారు. డెబ్బై ఏళ్లు దాటిన ఆమె మా ముందు పెట్టె తెరచి, గుడ్డలను మూడు కుప్పలుగా వేరు చేశారు. మొదటి కుప్పలో రంగు తగ్గినా నేత గట్టిగా ఉన్నవి. ఇవి బొంతకు పైముఖం. రెండవ కుప్పలో పలచబడినా చిరగనివి. ఇవి లోపలి పొరలు. మూడవ కుప్పలో మసిగుడ్డలు, అంటే వేడి గిన్నెలను దించడానికీ, పొయ్యిగట్టు తుడవడానికీ వాడినవి. వీటిని బొంతలో చేర్చరాదని ఆమె ఖండితంగా చెప్పారు. నూనె ఇంకిన గుడ్డ ఎంత ఉతికినా వాసన విడవదు. ఆ వాసనకు చీమలూ ఎలుకలూ చేరతాయి. కాబట్టి వాటి స్థానం నేల తుడిచే బకెట్టులోనే.

ప్రతి గుడ్డకూ ఆమె వద్ద ఒక చరిత్ర ఉన్నది. ఎర్రని నూలు దస్తర్‌ఖాను ఆమె నిఖానాటిది. దాని మీద పెద్దల నుంచి పసివాళ్ల వరకు వరుసగా కూర్చొని తిన్న ఈద్ భోజనాలు ఎన్నో. పలచని తెల్లగుడ్డ ఒకటి జొన్నరొట్టెలను వేడి పోకుండా చుట్టిపెట్టినది. గళ్ల గుడ్డ ఒకటి బిర్యానీ దమ్ముకు పెట్టినప్పుడు డేగిసా మూతికి చుట్టినది. మైదా పిండి బట్ట సంచులలో వచ్చే రోజుల్లో ఆ సంచుల కుట్లు విప్పి, ఉతికి, వడపోతకు వాడుకొన్న గుడ్డలు కూడా ఆ పెట్టెలో ఉన్నాయి.

2009 అక్టోబరు 2వ తేదీన కర్నూలును ముంచిన వరదను గురించి ఆమె చెప్పిన మాటలు మేము మరువలేము. నీళ్లు ఇంట్లోకి వచ్చేసరికి మనుషులు మిద్దె ఎక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. పరుపులు, రజాయిలు, బొంతలు బురదనీటిని పీల్చి, నలుగురు పట్టినా లేవనంత బరువెక్కాయి. నీళ్లు తీసిన తరువాత వాటిని వీధిలో పడవేయక తప్పలేదు. అటక మీద ఉన్న ఈ పెట్టె ఒక్కటే మిగిలింది. “పక్కబట్టలు పోయినాయి, అన్నం పెట్టే గుడ్డలు మిగిలినాయి. అల్లా ఏది మిగిల్చినాడో దాంతోనే పక్క కుట్టుకున్యాము” అన్నారు ఆమె. సాయంగా అందిన దుప్పట్లు కప్పుకొనడానికి సరిపోయాయి. కింద పరచుకొనడానికి మాత్రం ఇంట్లోని ఆడవాళ్లు దస్తర్‌ఖాన్లను, తువ్వాళ్లను పొరలుగా వేసి రెండు బొంతలు కుట్టారు. వాటిలో ఒకటి నేటికీ ఆ ఇంట్లో వాడుకలో ఉన్నది. మేము దానిని చేత్తో తడిమి చూశాము. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుకు ఉండే మృదుత్వం దుకాణంలోని ఏ కొత్త బట్టకూ లేదు.

నంద్యాలలో దూది పని

బొంతల కథ చెప్పేటప్పుడు దూదేకులవారిని తలచకపోవడం న్యాయం కాదు. కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాలలో తరతరాలుగా దూదిని ఏకి, పరుపులు, దిండ్లు, రజాయిలు తయారుచేసినవారు వారు. నూర్‌బాషా, లద్దాఫ్, పింజారీ అనే పేర్లు కూడా వారికి ఉన్నాయి. అరబీలో దూది ఏకేవానిని నద్దాఫ్ అంటారు. లద్దాఫ్ అనేది ఆ మాటకు మన నోటిలో వచ్చిన రూపమే. ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే ఈ ముస్లిం కుటుంబాల చేతిపని మీద ఎన్నో తరాల వారు సుఖంగా నిద్రపోయారు. అయినా వారి వృత్తి పేరునే తిట్టుగా వాడే దురలవాటు మన సమాజంలో ఉన్నది. మనం పడుకొనే పక్కను సిద్ధం చేసినవారి పేరును నిందకు వాడడం ఎంత కృతఘ్నతయో ప్రతి ఇంట్లో పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

నంద్యాలలో ఒక చిన్న దుకాణంలో మేము కలిసిన వృద్ధుడు యాభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు. తండ్రి వాడిన దూదేకే విల్లు గోడకు వేలాడుతున్నది. బిగించిన నరాన్ని కొయ్యగుండుతో మీటితే, ఆ అదురుకు ముద్దకట్టిన పాత దూది విడివిడి పింజలుగా తేలేది. ఆ పనిని ఇప్పుడు విద్యుత్ యంత్రం చేస్తున్నది. దుకాణం ముందువైపు మాత్రం ఫోము పరుపులు నిలబెట్టి ఉన్నాయి. వాటిని అమ్మకపోతే ఇల్లు గడవదని ఆయన దాచకుండా చెప్పారు. “ఫోము పరుపు పాతబడితే పారేస్తారు. దూది పరుపు పాతబడితే మల్లా ఏకిస్తారు. అంతే తేడా” అన్నారు.

బొంతకూ రజాయికీ భేదాన్ని కూడా ఆయనే వివరించారు. రెండు బట్టల నడుమ దూది పరచి కుట్టినది రజాయి. దూది లేకుండా పాతబట్టల పొరలతోనే మందం తెచ్చినది బొంత. వంటింటి గుడ్డలు చిన్నవి, పలుమార్లు ఉతికినవి. అందువల్ల వాటి నడుమ దూది నింపితే కుట్ల దగ్గర పిగిలే ప్రమాదం ఉన్నది. అవి బొంతకే తగినవని ఆయన సలహా. పాత దిండులోని బూరుగు దూదిని కూడా బొంతలో వేయవద్దన్నారు. అది జారిపోయి ఒక మూలకు చేరుతుందట.

కడపలో ఒక పంపకం

కడపలో మేము చూసిన సంగతి మరొక రకమైనది. ఒక ఇంట్లో తల్లి మరణించి ఏడాది అయింది. కుమారుడు ఒకడు, కుమార్తెలు ముగ్గురు. కుమారుడు గల్ఫులో, ఒక కుమార్తె బెంగళూరులో, మిగిలిన ఇద్దరు జిల్లాలోనే ఉన్నారు. ఇల్లు, బంగారం షరీఅత్ ప్రకారం పంచుకొన్నారు. అక్కడ ఏ పేచీ రాలేదు. పేచీ వచ్చింది వెల లేని వస్తువు దగ్గర. వంటింటి పక్కగదిలోని పెట్టెలో తల్లి చేతి దస్తర్‌ఖాన్లు, తువ్వాళ్లు పాతిక దాకా ఉన్నాయి. పెద్ద కుమార్తె వాటిని తనతో తీసుకుపోతానన్నది. చిన్న కుమార్తె ఏమీ అనలేదు గాని, తరువాత నెల రోజులు అక్కతో మాట్లాడలేదు. అమ్మకు ఆఖరి రోజుల్లో అన్నం తినిపించింది ఆమె. ఆ గుడ్డలను రోజూ ఉతికి ఆరవేసిన చేతులు ఆమెవి.

ఆ మౌనాన్ని గమనించిన మేనత్త ఒకరు నలుగురినీ ఫోనులో కలిపి ఒక మాట చెప్పారు: “గుడ్డలు పంచుకుంటే తలా ఆరొస్తాయి. ఒక్కో గుడ్డనే నాలుగు చేసి కుడితే, అందరి దగ్గరా అమ్మ దస్తర్‌ఖానంతా ఉంటది.” పెట్టెను నలుగురి సమ్మతితో తెరిచారు. మరణించినవారు విడిచిన వస్తువు చిన్న గుడ్డయినా అది వారసులందరిదీ. అందరి అనుమతి లేకుండా దాని మీద కత్తెర పెట్టకూడదు. ఈ నియమాన్ని ఆ మేనత్త జాగ్రత్తగా పాటించారు. ప్రతి గుడ్డనూ నాలుగు ముక్కలు చేసి, నాలుగు చిన్న బొంతలకు సమంగా చేర్చారు. ఎమ్మిగనూరు దుప్పటి ఒకదానిని చింపి అంచులు వేశారు.

కుట్టే పనిని ఆ వీధిలోనే ఉన్న ఒక వితంతువుకు అప్పగించారు. కూలి మాట వచ్చినప్పుడు ఇంటివారిలో ఒకరు, పాతగుడ్డలే కదా, అంత ఎందుకని బేరమాడబోయారు. ఆమె సూది పక్కన పెట్టి నెమ్మదిగా బదులిచ్చింది: “గుడ్డ పాతదేమా. పట్టే దినాలు పాతవి కావు గదా.” ఆ మాటకు ఎవరి వద్దా జవాబు లేదు. ఆమె అడిగిన కూలికే ఒప్పుకొని, సగం ముందే చేతిలో పెట్టారు. నాలుగు బొంతలూ పూర్తికావడానికి రెండు నెలలు పట్టింది. బెంగళూరుకు ఒకటి, గల్ఫుకు ఒకటి వెళ్లాయి. చిన్న కుమార్తె తన బొంతను పరచదు, మడతపెట్టి తలగడగా పెట్టుకొంటుందని మేనత్త చెప్పారు. అక్కాచెల్లెళ్ల నడుమ మాటలు మళ్లీ కలిశాయి.

పాతబట్టతో చేసే పనులన్నిటిలో మనం సులభంగా చేసే అన్యాయం ఇదే. బట్టకు వెల లేదు కనుక శ్రమకు కూడా వెల లేదనుకొంటాము. చెమట ఆరకముందే కూలివానికి కూలి ఇవ్వమన్న ప్రవక్త బోధను వినని ఇల్లు మనలో ఉండదు. బొంత కుట్టే స్త్రీకి చెమట కన్నా కంటినీరు ఎక్కువ కారుతుంది. ఆ కూలి కూడా అంతే త్వరగా అందాలి.

కుట్టదలచిన వారికి

మా ప్రయాణంలో పెద్దవాళ్ల వద్ద విన్న పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాము. మొదట గుడ్డలన్నిటినీ వేడినీటిలో సోడా వేసి నానబెట్టి ఉతకాలి. వెనుకటి రోజుల్లో ఈ సీమలో చౌడుమట్టితో ఉతికేవారు. పసుపు మరకలకు భయపడనక్కరలేదు. తడిగుడ్డను ఎండలో ఆరవేస్తే పసుపు క్రమంగా వెలిసిపోతుంది. మన ఎండకు రెండు మూడు రోజులు చాలు. ఎర్రగుడ్డలు రంగు దిగుతాయేమో తెల్లగుడ్డ ముక్కను తడిపి రుద్ది చూడాలి. రంగు దిగేదైతే విడిగా ఉతికి, దిగడం ఆగిన తరువాతే వాడాలి.

గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే పలచబడిన చోట్లు తెలుస్తాయి. వేళ్లతో రెండు వైపులా లాగితే చిరిగే గుడ్డను పైముఖానికి వాడవద్దు. నూలును నూలుతోనే జతచేయాలి. నైలాను, పాలియెస్టరు కలిసిన బట్టను నూలు పక్కన కుడితే ఒకటి ముడుచుకొని మరొకటి ముడుచుకొనక బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది. చిన్న ముక్కలను కలిపి ముందు ఒక నిండు బట్టగా కుట్టుకొని, దాని కింద మూడు నాలుగు పొరలు పరచి, అడుగున ఒక పాత చీరనో దుప్పటినో వేయాలి. పొరలను బండ మీద చదునుగా పరచి, మడతలు లేకుండా అరచేతితో సరిచేసి, ముందు పొడవాటి కుట్లతో తాత్కాలికంగా బిగించాలి. ఆ తరువాత అంచు నుంచి మొదలుపెట్టి, చతురస్రంగా చుట్టుకొంటూ మధ్యకు రావాలి. వరుసకూ వరుసకూ నడుమ రెండు వేళ్ల ఎడం ఉంటే చాలు. ఎడం పెరిగిన కొద్దీ లోపలి పొరలు జరుగుతాయి.

కొన్ని దస్తర్‌ఖాన్ల మీద ఉర్దూ అక్షరాలు, దువాలు అచ్చువేసి ఉంటాయి. అటువంటి భాగాన్ని కాళ్ల కింద పడే బొంతలో వేయకుండా వేరుచేసి, శుభ్రంగా దాచుకోవడం మర్యాద. పూలూ గళ్లూ ఉన్న భాగాలతో జానమాజ్ కుట్టుకొన్న ఇళ్లు కూడా మేము చూశాము. బట్ట పరిశుభ్రంగా ఉండడమే అక్కడ ముఖ్యం. దాచేటప్పుడు ఎండిన వేపాకు మడతల్లో వేసి, నెలకొకసారి ఎండకు చూపిస్తే పురుగు పట్టదు.

దూరదేశాల బొంతలు

ఈ పని మన సీమకే పరిమితం కాదు. పొరుగున కర్ణాటకలో దీనిని కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి అంటారు. బెంగాలులో పాతచీరల పొరల మీద సన్నని కుట్లతో కాంథా తయారవుతుంది. సింధ్ ప్రాంతపు రల్లీలలో రంగురంగుల ముక్కలు లెక్క తప్పకుండా అమరి ఉంటాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా గ్రామీణ స్త్రీలు పిండి సంచుల బట్టతో వంటింటి తువ్వాళ్లు, పిల్లల గౌనులు, బొంతలు కుట్టుకొన్నారు. అది గమనించిన పిండి మిల్లులవారు సంచుల మీద పూలబొమ్మలు అచ్చువేయించడం మొదలుపెట్టారు. కర్నూలు ఖాలా పెట్టెలోని మైదా సంచి ముక్కకు అంత దూరాన అక్కాచెల్లెళ్లు ఉన్నారన్నమాట.

ఇంకా వెనుకకు పోతే మదీనాలోని ఒక ఇల్లు కనిపిస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న తెర ఒకటి వేలాడదీయగా దైవప్రవక్త (స) దానిని ఇష్టపడలేదు. ఆమె ఆ తెరను పారవేయలేదు. కోసి దిండ్లుగా కుట్టారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. దైవప్రవక్త (స) స్వయంగా తన బట్టలు కుట్టుకొనేవారని, చెప్పులు బాగుచేసుకొనేవారని కూడా ఆమే తెలిపారు. ఆయన పరుపు ఖర్జూరపు పీచు నింపిన తోలు. ఈ సంగతులు తెలిసిన మన ఇళ్లలో అతుకు వేసిన బట్టను చూసి సిగ్గుపడే కాలం రావడం విచారకరం. పెళ్లి సంబంధాల వాళ్లు వస్తున్నారంటే ముందుగా బొంతలను కనబడకుండా దాచే ఇళ్లను మేము ఈ ప్రయాణంలోనే చూశాము. దాచవలసినది అతుకును కాదు. దుబారాను దాచినా దాచకపోయినా దాని లెక్క వేరే చోట ఉన్నది.

కాలం గడిచేకొద్దీ పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. ప్లాస్టిక్ షీట్లు దస్తర్‌ఖాన్ల స్థానంలో పరచుకొన్నాయి. తిన్న తరువాత చుట్టి పారవేసే పలచని షీట్లు విందుల్లో మామూలయ్యాయి. వాటితో ఏ మనుమరాలికీ బొంత కుట్టలేము. పాఠక సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఈ రమజానుకు ఇల్లు సర్దేటప్పుడు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని పెట్టె తెరవండి. ఏ గుడ్డ ఎవరిది, ఏ పండుగకు కొన్నది, దాని మీద ఎవరు తిన్నారు అని అడిగి, ఒక్కొక్క గుడ్డకు ఒక చీటీ రాసి గుండుసూదితో గుచ్చండి. కుట్టడం తరువాత నెమ్మదిగా చేసుకోవచ్చు. చెప్పేవాళ్లు ఉన్నప్పుడు అడగడమే తొందరగా జరగవలసిన పని.